ప్రమీలారాణిగారి పొట్ట కబుర్లు

ప్రమీలారాణిగారి కడుపులో మాట దాగదు. కడుపులోదే కాదు, కడుపు మీదది కూడా దాగదు. పొద్దున్నే జగ్గయ్యపేటలో బస్సెక్కి నందిగామలో దిగేలోగా ఆవిడ ఒంట్లో ఏ మూల ఏమవుతోందో డ్రైవరు దగ్గర్నుంచి వెనక సీటు వెంకటరత్నంగారి దాకా అందరికీ తెలిసిపోవాల్సిందే. రహస్యమైతే గొంతు తగ్గిస్తారు. అప్పుడు డ్రైవరుకి వినపడదు, అంతే.

నందిగామలో ఆవిడకి చీరల కొట్టుంది. కొలతల టేపు బస్సులో కూడా మెడలోనే వేలాడుతుంటుంది. ఒళ్లు తగ్గడానికి డాక్టరుగారు వారానికో ఇంజెక్షను రాశారన్న కబురు మొదటిరోజే బస్సంతా పాకింది.

"సతీష్‌బాబూ, నిన్న పొట్టలో పొడుచుకున్నానయ్యా!"

కండక్టరు సతీష్‌బాబు చిల్లర లెక్కపెట్టడం ఆపేశాడు. "అయ్యో, అంత కష్టమేమొచ్చిందమ్మా?"

"కష్టమేంటి, సూది!"

బస్సంతా నవ్వింది. పక్క సీట్లో ఉషశ్రీకి మాత్రం నవ్వు రాలేదు. నందిగామ కాలేజీలో లెక్చరరామె. షుగరు మొదలైంది, బరువు తగ్గాల్సిందేనని డాక్టరు ఆమెకీ అదే ఇంజెక్షను రాశారు. ఆ సంగతి భర్తకి తప్ప ఎవరికీ తెలీదు. తిండి తగ్గించుకోలేక సూదులు పొడుచుకుంటోందని స్టాఫ్‌రూములో నవ్వుతారని భయం. ఆదివారం సూది వేసుకుంటే సోమవారానికి ఎడమ పక్కన రూపాయి బిళ్లంత ఎర్రటి దద్దురు, చెప్పలేనంత దురద. పసుపూ కొబ్బరినూనే కలిపి రుద్దితే ఇంకా మండింది. రోజూ మిషనెక్కి చూస్తే బరువు ఓ రోజు తగ్గుతుంది, ఓ రోజు పెరుగుతుంది. నెల తిరిగేసరికి, ఎందుకొచ్చిన గొడవ, ఆపేద్దామని నిశ్చయించుకుంది. ఆపితే షుగరు మళ్లీ పెరుగుతుందేమోనని మరో పక్క బెంగ.

మర్నాడు బస్సు చిల్లకల్లు దాటిందో లేదో ప్రమీలారాణిగారు అందుకున్నారు.

"నా తెలివి చూశావా సతీష్‌బాబూ! ప్రతివారం సరిగ్గా లంగా బొందు కట్టే చోటే పొడుచుకుంటున్నా. రోజంతా బొందు ఒరుసుకుంటే ఎర్రబడదూ?"

సతీష్‌బాబు టిక్కెట్ల మిషన్లో తల దూర్చేశాడు.

"విను! డాక్టరుగార్ని అడిగా. బొడ్డుకి రెండంగుళాల దూరంలో, ఓ వారం కుడిపక్క, ఓ వారం ఎడమపక్క, ఇంకో వారం తొడ మీద. మందు ఫ్రిజ్జులోంచి తీసి కాసేపు బయటుంచాలి. స్పిరిటు ఆరాకే పొడవాలి. పసుపూ నూనే రుద్దానంటే చెడామడా తిట్టారు. చల్లటి గుడ్డ వేస్తే చాలట. ఎరుపు పాకినా, చీము పట్టినా, జ్వరమొచ్చినా వెంటనే రమ్మన్నారు. మొహం వాచి ఊపిరాడకపోతే ఆలోచించకుండా పెద్దాసుపత్రికే!"

"ఇవన్నీ నాకెందుకమ్మా?"

"రేపు మీ ఆవిడకి పనికొస్తాయి!"

ఉషశ్రీ చెయ్యి తనకు తెలీకుండానే బొందు మీదికి పోయింది. అక్కడే! ఆ ఆదివారం చోటు మార్చింది. దద్దురు రాలేదు.

తర్వాతి వారం కబురు బరువు గురించి. "రోజూ మిషనెక్కడం మానేశానయ్యా. వారానికోసారి, పొద్దున్నే, టిఫినుకి ముందు. మిగతాది టేపు చెబుతుంది," అంటూ నిండు బస్సులో నడుం కొలిచేసుకుని, జాకెట్టుకి లోపల కొత్తగా వేయించిన కుట్టు గురించి కూడా ప్రకటించేశారు. ఆ తల్లి నోరు చల్లగుండ అనుకుంది ఉషశ్రీ.

కొన్ని నెలలకి ఉషశ్రీ షుగరు రిపోర్టు బాగా వచ్చింది. డాక్టరుగారు మెచ్చుకున్నారు. మర్నాడు బస్సెక్కగానే అడిగింది.

"పిన్నిగారూ, మీ దద్దురు పూర్తిగా పోయిందా?"

"దద్దురేంటే? నాకెప్పుడొచ్చింది? నాది గేదె తోలు!" అనేసి ప్రమీలారాణిగారు నాలిక్కరుచుకున్నారు.

ఆ తర్వాత ఆ బస్సు ఎన్నడూ ఎరగని వింత జరిగింది. ఆవిడ నిజంగానే గుసగుసలాడారు.

"ఐసు సంచితో మందుల షాపులోంచి దొంగలా వస్తుంటే చూశా. నేను మోసేదీ ఆ సంచేగా! ప్రతి సోమవారం ఎడమపక్కే గోక్కుంటావు, చీర నడుం దగ్గర పసుపు మరకలు. నేరుగా అడిగానా, 'అబ్బే, నాకేం లేదండీ' అంటావు, మర్నాటి నుంచి బస్సు మార్చేస్తావు. అందుకే నీ దద్దురు నా పొట్ట మీద వేసుకున్నా."

ఉషశ్రీ ఆవిడ చెయ్యి గట్టిగా పట్టుకుంది. "మీ రుణం తీర్చుకోలేను పిన్నిగారూ."

"ఏంటమ్మా, ఇవాళ వార్తల్లేవా?" బెంగగా అడిగాడు సతీష్‌బాబు.

"ఎందుకు లేవు నాయనా! మలబద్ధకంతో చచ్చిపోతున్నా. నీళ్లు బాగా తాగమన్నారు, పీచున్న కూరలు తినమన్నారు..."

వెనక సీట్లో వెంకటరత్నంగారు పేపరు దించారు. ఏదో అడగబోయి, చుట్టూ చూసి, మళ్లీ పేపరు ఎత్తేసుకున్నారు. ఉషశ్రీ అది చూసింది. మలబద్ధకం ఆమెకి ఈ జన్మలో లేదు.

"ఏ కూరలు పిన్నిగారూ?" గొంతెత్తి అడిగింది, డ్రైవరుకి కూడా వినపడేలా. "కాస్త వివరంగా చెప్పండి. నాకూ అదే బాధ!"