దొరగారికి కన్నీర్ అంజలి

ఇది ఒక మహారచయిత మరణం గురించిన ఇతిహాసం. ఇందులో జనసందోహం ఉంది, మౌనప్రార్థన ఉంది, చెన్నై కోడంబాక్కంలో గోడగోడనా కన్నీళ్ళున్నాయి. చదివాక మీరు మునుపటి మనుషులుగా మిగలరు.

సరే, అంత లేదు. గోడలు మొత్తం పదకొండు. ఆయన కోసం నిజంగా ఏడ్చింది ఒక్క మనిషి, అదీ మా అవ్వ. ఆవిడ టీవీలో తుపాను హెచ్చరిక విన్నా కళ్ళు తుడుచుకుంటుంది. మహారచయిత అంటారా, ఆయన మా తాతకు తాత పుట్టకముందే, సముద్రాలవతల పోయాడు. రెండోసారి మాత్రం నా చేతిలో పోయాడు. అప్పుడు నేను పదకొండో తరగతి.

ఆయన పేరు ఇక్కడ రాయను. ఒకసారి రాసి ఇచ్చినందుకే ఇంత జరిగింది. దయ్యాల కథలు రాసిన దొర అనుకోండి, చాలు.

ఆ దొరను మాకు పరిచయం చేసింది ఇంగ్లీషు చెప్పే జయమణి మిస్. ఆవిడ అమ్మగారిది గూడూరు. మిస్‌కు ఉత్సాహం వస్తే ఇంగ్లీషు వచ్చేది, విసుగొస్తే తమిళం వచ్చేది, నిజమైన కోపం వస్తే తెలుగొచ్చేది. ఆ లెక్కన మా క్లాసులో ఆవిడ తెలుగు ఎక్కువగా విన్నవాణ్ణి నేనే.

భోజనాల తర్వాత పీరియడు. కిటికీలు మూసేసి, లైట్లు తీసేసి మిస్ కథ చదివేవారు. స్కూలు వెనక మెట్రో రైలు కోసం పగలంతా నేల తవ్వుతుండేవాళ్ళు. కథలో సమాధి తవ్వే చోటు రాగానే బయట యంత్రం దడదడమని మొదలయ్యేది. ప్రభుత్వం తన ప్రజలకు ఇంత చక్కటి నేపథ్య సంగీతం మళ్ళీ ఎప్పుడూ ఇవ్వలేదు. పెరుగన్నం తిన్న నలభైమందీ నిద్రపోకుండా కూర్చున్న పీరియడు ఆ స్కూలు చరిత్రలో అదొక్కటే.

చిక్కు ఎక్కడొచ్చిందంటే, మా క్లాసు పిల్లవాడొకడు ఇంట్లో ఒంటరిగా స్నానాలగదికి వెళ్ళనని మొండికేశాడు. వాళ్ళమ్మ వచ్చి కరస్పాండెంటుగారికి ఫిర్యాదు చేసింది. మా ఊళ్ళో స్కూలు నడిపే పెద్దమనిషిని కరస్పాండెంటు అంటారు. ఆయన ఎవరికీ ఒక్క ఉత్తరం రాసిన దాఖలా లేదు గాని, మిస్ లాంటి వాళ్ళ ఉద్యోగం ఏడాదికోసారి ఆయన సంతకంతోనే నిలిచేది. శుక్రవారం తానే క్లాసుకు వచ్చి చూస్తానని, ఈ దయ్యాల వల్ల ఉపయోగం ఏమిటో తనకు కనబడాలని ఆయన కబురు పెట్టారు.

మిస్ ఆ సంగతి మాకు చాలా మామూలుగా చెప్పారు. దొర జీవితం, రచనలు, ఈ రెండింటి మీద అయిదుగురు మాట్లాడాలి. పక్కన ఒక చార్టు పెట్టాలి.

"బాగుంటే మనమంతా ఈడే ఉంటాం," అన్నారు. "బాగాలేకపోతే మీరుంటారు."

నేను లేచి చార్టు బాధ్యత నాదన్నాను. చరిత్రలో చాలా ఘోరాలు ఇలాగే ఎవడో ఒకడు లేచి నిలబడటంతో మొదలయ్యాయి.

"చార్టు పేపరు, స్కెచ్ పెన్నులు. అంతే గోపీ. అంతకు మించి ఏమీ వద్దు," అన్నారు మిస్.

కాని నేను కోడంబాక్కం బిడ్డను. మా తాత సినిమా స్టూడియోల్లో లైట్‌మన్. మా ఇంట్లో ఇడ్లీప్లేటు మీద కూడా వెలుగు ఎటువైపునుంచి పడాలో చర్చ జరిగేది. అలాంటి వంశంలో పుట్టి మిస్ ఉద్యోగాన్ని స్కెచ్ పెన్నుతో కాపాడటమా? గురువారం సాయంత్రం రైల్వేస్టేషన్ పక్కన సెల్వం అన్న ఫ్లెక్సుల కొట్టుకు వెళ్ళాను.

చెన్నై తెలియనివాళ్ళకు ఒక మాట చెప్పాలి. ఈ ఊళ్ళో మనిషి పుట్టినా, చెవులు కుట్టినా, పెళ్ళాడినా, పార్టీ మారినా ఫ్లెక్సు పడాలి. పోతే సరేసరి. పాడె కట్టేలోపే వీధి గోడలమీద పోస్టర్లు వెలుస్తాయి. పైన 'కన్నీర్ అంజలి' అని పెద్దక్షరాలు, మధ్యలో ఫొటో, అటూ ఇటూ దీపాలు, పుట్టిన తేదీ, పోయిన తేదీ, అడుగున దుఃఖిస్తున్న వాళ్ళ పేర్లు. సెల్వం అన్న వీటన్నిటిలోనూ ఆరితేరినవాడు. ఆయన మాతృభాష తమిళం, వ్యాపారభాష తెలుగు.

నేను ఫోనులో దొర ఫొటో చూపించాను. నల్లకోటు, లోతుకుపోయిన కళ్ళు, వారం రోజులుగా మందు వేసుకోని మొహం.

"ఎవురు తంబీ ఇది?"

"పెద్ద రచయిత అన్నా. పోయినారు."

సెల్వం అన్న ప్రింటింగ్ మెషీను ఆపేశాడు. నా మాట సరిగా వినడానికనుకున్నాను. అది సంతాపం అని తర్వాత అర్థమైంది.

"అయ్యయ్యో. ఎట్ల?"

"సరిగ్గా ఎవురికీ తెలీదన్నా. రోడ్డుమీద పడిపోయుంటే ఆస్పత్రికి ఎత్తుకుపోయినారంట. ఆడ పోయినారు."

"మీకు బాగా దగ్గరోళ్ళా?"

"రెండు నెలలుగా దినామూ ఆయన ధ్యాసేనన్నా."

సెల్వం అన్న తల దించుకున్నాడు. దొర పేరు, పుట్టిన, పోయిన సంవత్సరాలు కాగితంమీద రాసిచ్చాను. అడుగున ఎవరి పేర్లు వేయాలని అడిగితే మాట్లాడబోయే మా అయిదుగురి పేర్లూ చెప్పాను. పెద్ద ఫ్లెక్సు ఒకటి స్కూలు గేటు దగ్గర పొద్దున ఎనిమిదిలోపు కట్టాలన్నాను. ఇంటి అడ్రసు అడిగితే బిల్లుకనుకుని ఇచ్చేశాను. చూసినవాళ్ళ గుండె ఝల్లుమనాలని మరీ మరీ చెప్పాను. ఝల్లుమంటుందని ఆయన నా భుజం తట్టాడు. ఫ్లెక్సుల కొట్టువాడు భుజం తట్టినప్పుడైనా నాకు అనుమానం రావలసింది.

"ఒకతూరి ప్రూఫు చూసుకో తంబీ."

"మీమీద నమ్మకం ఉండాదన్నా."

పాఠకులారా, ఈ వాక్యాన్ని మీరు ప్రేమలో వాడండి, పెళ్ళిలో వాడండి. ప్రింటింగులో మాత్రం వాడకండి.

శుక్రవారం తెల్లారగానే అవ్వ నన్ను కుదిపి లేపింది.

"లేయ్‌రా గోపీ. మనింట్లో ఎవురో పోయినారంట."

"ఎవురవ్వా?"

"నాకేం తెలుసు. నువ్వే ఏడస్తా ఉండావంట. గోడమీద రాసుండాది."

పళ్ళు తోముకోకుండానే బయటికి పరుగెత్తాను. మా ఎదురింటి గోడమీద దొర. పక్కింటి గోడమీద దొర. ట్రాన్స్‌ఫార్మర్ పెట్టెమీద దొర. అన్నిచోట్లా రెండేసి దీపాలు, ఒక ఎగురుతున్న పావురం, అడుగున దుఃఖతప్త కుటుంబం, అందులో మొదటి పేరు నాది. పెద్ద ఫ్లెక్సు కోరిన చావు ఇళ్ళకు గోడ పోస్టర్లు కూడా వేసి అంటించడం సెల్వం అన్న కొట్టు ఆనవాయితీ అట. నేనిచ్చిన పద్దెనిమిది వందల నాటి సంవత్సరాలు చూసి, కుర్రాడు దుఃఖంలో తప్పు రాశాడనుకుని ఆయనే దిద్దాడు. ఆ లెక్కన దొర పోయింది నిన్ననే.

మా గుమ్మం ముందు షామియానా మనిషి నిలబడి కుర్చీలు ఎన్ని దించాలో మా అమ్మను అడుగుతున్నాడు. అమ్మ నోట్లో బ్రష్షుతో నన్నే చూస్తోంది. వీధి చివర పూలు అమ్మే కామాక్షక్క అప్పటికే ఒక దండ పట్టుకొచ్చింది. దండ ఇవ్వకుండా పోస్టరునే పరీక్షగా చూస్తోంది.

"దొర మాదిరి ఉండాడే," అంది. "అవ్వా, మీ ఇంటాయన ఊటీ షూటింగుకు పోయి రెండు నెలలు రాలేదని చెప్తా ఉంటావే, అప్పటి సంగతా ఇది?"

అవ్వ ఆమెను ఒక చూపు చూసింది. దొర కథలన్నీ కలిపినా అంత భయం నాకు కలగలేదు.

షామియానా మనిషిని పంపించి, దొర ఎవరో, ఎక్కడివాడో అవ్వకు చెప్పుకొచ్చాను. చిన్నప్పుడే తల్లి పోయిందని, పెంచినవాళ్ళు చేరదీసి వదిలేశారని, కట్టుకున్నది జబ్బుతో కళ్ళముందే పోయిందని, చివరికి తానూ దిక్కులేకుండా పోయాడని చెప్పాను. మిస్ రెండు నెలలు చెప్పిన పాఠాన్ని రెండు నిమిషాల్లో అప్పజెప్పాను. అవ్వ గుమ్మంలో కూలబడి కొంగు కళ్ళకద్దుకుంది.

"ఇంత పడినోడు దెయ్యాల కతలు గాక ఇంకేం రాస్తాడ్రా," అంది.

తర్వాత కామాక్షక్క చేతిలోంచి దండ తీసుకుని ఎదురింటి గోడమీది దొరకు వేయబోయింది. గోడకు మేకు లేకపోవడంతో ఆ ప్రయత్నం మానుకుంది.

నేను సెల్వం అన్నకు ఫోన్ చేసి, ఆ మనిషి పోయి నూటయాభై ఏళ్ళకు పైనే అయిందని చెప్పాను.

"ముందే చెప్పుండాల గదా తంబీ. వర్ధంతికి డిజైను వేరే."

స్కూలు గేటు దగ్గర ఆరడుగుల దొర. వాచ్‌మన్ తాత అప్పటికే ఊదొత్తులు వెలిగించేశాడు. ఫ్లెక్సు ముందు జయమణి మిస్ కదలకుండా నిలబడి ఉన్నారు. నన్ను చూడగానే ఆవిడకు తెలుగు వచ్చింది.

"గోపీ. నేనేం తెమ్మన్యా?"

"చార్టు పేపరు మిస్."

"ఇదేంది?"

"చార్టు పేపరు కాదు మిస్."

ఆవిడ తిట్టి ఉంటే బాగుండేది. చేతిలోని పుస్తకాన్ని మూసి సంచిలో పెట్టుకున్నారు, ఇక దానితో పని లేదన్నట్టు. మా తాత లైట్లు, నా ఇడ్లీప్లేటు వెలుగులు, అన్నీ నాకు ఒక్కసారిగా ఆరిపోయాయి. ఫ్లెక్సు ముడులు విప్పడం మొదలుపెట్టాను. సెల్వం అన్న ముడి వేస్తే యముడైనా కత్తెర తెచ్చుకోవలసిందే. ఒక ముడి వదులయ్యేలోపు కరస్పాండెంటుగారి కారు వచ్చి ఆగింది.

ఆయన దిగారు. ఫ్లెక్సు చూశారు. చెప్పులు విప్పి దణ్ణం పెట్టారు. అడుగున పేర్లు చదివి, అందులో ఒకడు నేనేనని వాచ్‌మన్ తాత చూపించగా, నా నెత్తిమీద చెయ్యి వేశారు.

"సర్," అన్నారు మిస్, "ఆయన పోయి చాలా కాలం..."

"అట్లనే ఉంటుందమ్మా. మంచోళ్ళు పోతే ఒక్క దినమే ఒక యుగం."

అయిదు నిమిషాల్లో స్కూలంతా మైదానంలో నిలబడింది. రెండు నిమిషాల మౌనం. మెట్రో యంత్రం కూడా ఎందుకో ఆగింది. బహుశా టీ సమయం. తర్వాత కరస్పాండెంటుగారు మైకు అందుకున్నారు. చచ్చినవాడి కళ్ళు చారెడంటారు. ఆ ఉదయం మా దొర కళ్ళు చేటంత అయ్యాయి. ఆయన గొప్ప రచయిత అట. అంతకంటే గొప్ప మనిషి అట. ఎంత ఎదిగినా ఒదిగి ఉండేవారట.

"వారిని నేను బాగా ఎరుగుదును," అన్నారు. "మన స్కూలుకు రావాలని వారికి చాలా కోరిక. నేనే తీరిక చేసుకోలేకపోయినా."

మిస్ నేలకేసి చూస్తున్నారు. ఆవిడ భుజాలు కదులుతున్నాయి. టీచరు ఏడుస్తున్నారనుకుని కింది తరగతుల పిల్లలిద్దరు నిజంగానే ఏడ్చారు.

క్లాసులో మా వంతు వచ్చింది. నేను రాసుకున్న కాగితం ఇంట్లోనే మరిచిపోయాను. చేసేదిలేక పొద్దున అవ్వకు చెప్పిన కథే చెప్పి, ఇంత పడినవాడు దయ్యాల కథలు గాక ఇంకేం రాస్తాడని ముగించాను. కరస్పాండెంటుగారు కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నారు. ఈ పాఠం ఆపడమంటే పోయినవారిని అవమానించడమే అన్నారు. ఎవరు ఆపాలనుకున్నారో ఆయనకు గుర్తున్నట్టు లేదు. మిస్ కాగితంమీద ఆ మధ్యాహ్నమే సంతకం పడింది.

పోస్టరు అంటించనేల, గోడ గీకనేల అన్నారు పెద్దలు, లేదా అనవలసింది. ఆ శనివారం మేం అయిదుగురం పదకొండు గోడలూ గీకాం. మైదా జిగురు ఎంత గట్టిదంటే, గోడ వస్తుంది గాని దొర రాడు. మిస్ గొడుగు వేసుకుని నీళ్ళసీసాతో వచ్చి పక్కన నిలబడ్డారు. కాపలాకనుకున్నాం. ఆవిడ సంచిలోంచి పుస్తకం తీసి, గురువారం క్లాసులో ఆపిన చోటునుంచి కథ చదివారు, ఇంగ్లీషులో. ఎండలో, రోడ్డుమీద, ఆటోల హారన్ల మధ్య విన్న ఆ దయ్యం కథే నాకిప్పటికీ బాగా గుర్తుంది. స్టేషన్ దగ్గర ఒక పోస్టరు పైభాగం చేతికందక వదిలేశాం. చాలాకాలం అక్కడ దొర కళ్ళు రెండూ మిగిలి, రైలు దిగేవాళ్ళను చూస్తుండేవి. నేను కాలేజీలో చేరాక కూడా ఆ దారిన వెళితే తలవంచి పలకరించేవాణ్ణి. తర్వాత సున్నం వేసేశారు.

కనుక మెరీనా కెరటాలు సాక్షిగా, సెల్వం అన్న మెషీను సాక్షిగా నేను ప్రతిజ్ఞ చేస్తున్నాను. ఇకమీదట ప్రూఫు చూడకుండా ఎవరినీ చంపను. ఒకసారి పోయినవాళ్ళ జోలికి అసలే పోను.

ఫ్లెక్సు మా మిద్దెమీద వాషింగ్ మెషీనుకు కప్పి ఉంది. దొర మొహం లోపలికి, తెల్లవైపు పైకి. మూడు వానాకాలాలు పోయాయి, చుక్క నీరు దిగలేదు.