తొండం తిప్పుకున్న వినాయకుడు

అచ్చుసిరా వాసన తగిలితే నాకు ఒకచోట కాలు నిలవదు.

చిన్నప్పుడు ఆండర్సన్‌పేటలో, దేవుడి గూట్లో పెట్టాలని రాగిరేకు మీద దబ్బనంతో వినాయకుణ్ణి గీకాను. గీతల్లో అచ్చుసిరా నింపి, పైన తుడిచి, కాగితం కప్పి, రెండూ కలిపి వీధిలోని చెరకు రసం మెషిన్లో దూర్చాను. బొమ్మ దిగింది. కానీ ఎడమకు గీసిన తొండం కుడికి తిరిగింది!

అవ్వ అదిరిపడింది. "కుడి తొండమంటే బలమురి సామి అప్పా! మడి తప్పితే ఊరుకోడు. మనింట్లో యాడ పెట్టేది?"

దేవుడు నా మీద అలిగి అటు తిరిగాడనుకున్నాను. అన్నం దిగలేదు. ఇల్లంతా గిరగిరా తిరిగాను.

చూడలేక అవ్వ కాగితానికి దీపం నూనె పూసి, వెనక్కి తిప్పి పటంలో బిగించింది. నూనెకు పలచబడ్డ కాగితంలోంచి తొండం ఎడమకు కనబడింది.

"సామి సరిపోయినాడు. ఇంగ కూర్చోరా!"

అచ్చులో బొమ్మ తిరగబడుతుందని ఇప్పుడు తెలుసు. అయినా అడిగినవాళ్లకు దేవుడే అలిగాడని, అవ్వ నూనె రాసి బుజ్జగించిందని చెబుతాను.