ముందు పైపు, తర్వాత రోడ్డు

గ్రామసభలో చప్పట్లు మొదలైతే చాలు, నా మణికట్టును ఎవరో గట్టిగా పట్టుకున్నట్టు ఉంటుంది. మొన్న మా ఊరి సచివాలయం ముందు షామియానా కింద కూర్చున్నప్పుడూ అంతే. పక్కనున్న మా వీధి కొత్త కోడలు "ఏమైందక్కా?" అంది. సుబ్బమ్మత్త గుర్తొచ్చిందన్నాను. పాపం, ఆ పిల్ల ఆమెను చూడలేదు. అందుకే ఇదంతా రాస్తున్నాను.

సుబ్బమ్మత్తకు మా బజారులో దుకాణం ఉండేది. వాళ్లు వ్యాపారస్తులు, మేము గొర్రెలు కాసుకునేవాళ్లం. చుట్టరికం ఏమీ లేదు. నేను త్రిపురాంతకం నుంచి కొమరోలు పక్కనున్న ఈ ఊరికి కాపురానికొచ్చిన కొత్తలో తనే వరస కలిపేసింది. నోరు మాత్రం పచ్చి మిరపకాయ. పప్పు తూస్తూనే ఎవరి తప్పు వాళ్ల చేతిలో పెట్టి పంపేది. మొదట్లో ఆమె దుకాణానికి వెళ్లాలంటేనే నాకు భయం.

మా పై వీధి బోరువి ఫ్లోరిన్ నీళ్లు. మా అత్తగారి మోకాళ్లు అప్పటికే వంగిపోయాయి. నా కూతురికి రెండేళ్లు. ఆ నీళ్లే తాగి పెరిగితే దాని పళ్లు, ఎముకలు ఏమవుతాయోనని నాకు నిద్ర పట్టేది కాదు. ఊరి చివర ట్యాంకులోకి మంచినీళ్లు వచ్చాయి గానీ, మా వీధికి పైపు రావాలంటే బజారంతా తవ్వాలి. ఒకరోజు దుకాణం ముందు నిలబడి ఈ దిగులంతా వెళ్లబోసుకున్నాను. ఆమె ఏమాత్రం జాలిపడలేదు.

"నాకెందుకు చెప్తాండావు? నేను పప్పూ బెల్లం అమ్ముతా. నీళ్లిచ్చేది పంచాయతీ. సభకొచ్చి అడుగు."

"మా ఆయనతో చెప్పిస్తాలే అత్తా."

"నీ మొగుడు గొర్రెలెంట అడివికి పోయినాడు. ఆయన వచ్చేదాకా సభ ఆగుతాదా? ఊళ్లో నీకు ఓటుంది గదా, అది చాలు. ఎవరో పిలవాలని ఇంట్లో కూచోబాకు."

అప్పట్లో మా ఆడవాళ్లు సభకు వెళ్లడమంటే, సభ జరిగే బడి గోడవారన నిలబడి, వినపడీ వినపడనట్టు విని, చివర్లో చప్పట్లు కొట్టి రావడం. ఆ చప్పట్లతోనే తీర్మానం ఆమోదమైపోతుందని మాలో చాలామందికి తెలియదు. ఆ తర్వాత వచ్చిన సభకు సుబ్బమ్మత్త నన్ను తీసుకెళ్లి ముందు వరుసలో తన పక్కనే కూర్చోబెట్టుకుంది. సర్పంచు ప్రసంగం అయ్యాక కార్యదర్శి ఏదో గబగబా చదివి, "అందరికీ సమ్మతమేనా?" అన్నాడు. చప్పట్లు మోగాయి. నా చేతులూ లేచాయి. అత్త నా మణికట్టు పట్టుకుంది.

"దేనికి కొడతాండావు?"

"అందరూ కొడతాండారు గదత్తా."

"తెలీకపోతే అడుగు. తెలిసినాక నీ ఇష్టం."

లేచి నిలబడ్డాను. మామగారి వయసు పెద్దలంతా నావైపే చూస్తున్నారు. "సార్, ఇప్పుడు చదివింది ఇంకొకసారి నిదానంగా చదవండి" అన్నాను. వెనక ఎవరో నవ్వారు. ఆయన మళ్లీ చదివితే అర్థమైంది. బజారుకు సిమెంటు రోడ్డు వేస్తారట. మా పైపు ఊసే లేదు. వేసిన రోడ్డును పగలగొట్టి మా కోసం పైపు ఎవరు వేస్తారు?

"ముందు పైపెయ్యండి సార్, తర్వాత రోడ్డెయ్యండి."

"పైపు సంగతి వచ్చే సభలో చూస్తాంలేమ్మా" అన్నాడు సర్పంచు.

"కాదు సార్. ఇప్పుడే రాయండి. రాసింది చదివి వినిపించినాకే లేస్తాం."

గోడవారనున్న మా వీధి ఆడవాళ్లు ఒక్కొక్కరే వచ్చి నా వెనక కూర్చున్నారు. సర్పంచు వాళ్లను చూసి కార్యదర్శికి తల ఊపాడు. తీర్మానం మార్చి రాశారు, చదివారు. అప్పుడు కడుపునిండా చప్పట్లు కొట్టాను.

ఆ సంబరం బజారు దాకానే. అక్కడ ఒక పెద్దాయన అత్తను ఆపి, "ఏం సుబ్బమ్మా, పోయిన సభలో నువ్వు అడిగి పెట్టించుకున్న రోడ్డును నీ పక్కన కూచున్న పిల్లే ఆపిందే" అన్నాడు. వానొస్తే ఆమె దుకాణం ముందు మోకాలి లోతు బురద. బేరాలుండవు. ఆ రోడ్డు ఆమెకు ఎంత అవసరమో నాకు అప్పటిదాకా తట్టనేలేదు.

"తెలిసి కూడా నా చెయ్యెందుకు పట్టుకున్నావత్తా?"

ఆమె దుకాణం తాళం తీస్తూ నావైపు చూడకుండానే అంది. "నేను అడిగింది రోడ్డు. నీకు తెలీకుండా కొట్టే చప్పట్లు కాదు."

ఆ ఏడు వానాకాలమంతా బజారు తవ్వి ఉంది. మెట్టు ముందు చెక్కలు పరిచి బేరం చేసుకుందే గానీ నన్ను ఒక్క మాట అనలేదు. ఆ తర్వాత వేసవికి మా వీధిలో మంచినీళ్ల కుళాయి వచ్చింది. నా కూతురు ఆ నీళ్లతోనే పెరిగింది. రోడ్డు పడేనాటికి సుబ్బమ్మత్త లేదు. ఆ సిమెంటు మీద ఆమె ఒక్క అడుగూ వేయలేదు. అది తలుచుకుంటే ఇప్పటికీ నాకు ఏడుపొస్తుంది.

ఇప్పుడు సభలో మా వీధికే లాభమయ్యే తీర్మానాన్నైనా సరే గబగబా చదివేస్తే, "నిదానంగా చదవండి, అందరికీ అర్థం కావాల" అని ముందు లేచేది నేనే. అట్లా అడిగి, అందరికీ అర్థమయ్యాక, మేము ఓడిపోయిన సభలూ ఉన్నాయి. ఓడి ఇంటికొచ్చే రోజున కూడా ఆమె దుకాణం ముందునుంచి తలెత్తుకునే నడుస్తాను.