ఒక్క దెబ్బ పందెం

నేను ఇంతకు ముందు ఎందుకు రాయలేదంటే, నాకు అక్షరాలు వచ్చేవి కావు. మాది పెద్దవంగర దగ్గర తండా. ఇంట్లో మా భాష, బడిలో తెలుగు. మా భాషకు రాత లేదు, నాకు తెలుగు మాట లేదు. పంతులు బోర్డు మీద రాసింది అర్థం కాలేదని చెప్పడానికి కూడా ఆయన మాటే కావాలి కదా. నేను బడిలో చేరిన ఏడాదే మిరప ఏరే కూలికి మా వాళ్లు ఊరు విడిచిపోతూ, చంటివాడిని ఎత్తుకునేందుకు నన్ను వెంట తీసుకుపోయారు. తిరిగి వచ్చాక నన్ను బడికి పొమ్మన్నవాళ్లు లేరు. తర్వాత పెళ్లి, కేసముద్రం. మా ఆయన మార్కెట్ యార్డులో హమాలీ. నేను అక్కడే మిరపకాయల తొడిమలు తీస్తాను, రంగు పోయిన తాలు కాయ వేరు చేస్తాను.

బడులూ కాలేజీలూ మూతపడిన ఏడాది, జనగామలో డిగ్రీ చదివే నా బిడ్డ ఇంటికొచ్చి కూర్చుంది. ఊరికే కూర్చోలేక నన్ను పట్టుకుంది. నలభై దాటాక అ ఆలు దిద్దాను. బస్సు మీది ఊరి పేరు నాకై నేను చదివిన రోజు ఆ బస్సు ఎక్కకుండా దాన్నే చూస్తూ నిలబడ్డాను. అది వెళ్లిపోయింది. ఆ రోజు నడిచే ఇంటికొచ్చాను.

ఇక్కడ రాసే మాటల్లో చాలా వరకు మేము మా భాషలో అనుకున్నవే. తెలుగు చేసి రాస్తున్నాను. అమ్మను యాడీ అంటాం, అక్కను బాయి అంటాం. ఆ రెండూ మాత్రం అలాగే ఉంచాను.

నా బిడ్డకు కంప్యూటరులో ఆటల పిచ్చి. ఆడడం కంటే ఆటలను విప్పడం పిచ్చి. ఎవరో తయారు చేసిన ఆటను తీసుకుని, లోపలి బొమ్మలు, దారులు, మాటలు మార్చేస్తే దాన్ని మాడ్ అంటారట. ఎదురుబొదురుగా ఎప్పుడూ చూసుకోని కొందరు కలిసి అలాంటి పని చేస్తుంటారు. వాళ్లలో ఈమె ఒకతె. బొమ్మలు వేసే పని ఈమెది. ఆటలో ఒక బొమ్మ ఉరుకుతూ ఉంటుంది. గుంతలు దూకాలి, గోడలెక్కాలి, మీద పడేవాటిని తప్పించుకోవాలి. నా బిడ్డ ఆ బొమ్మకు అద్దాల పావడా తొడిగింది, చేతులకు మోచేతుల దాకా గాజులు వేసింది. దారిలో మిరప బస్తాల గుట్టలు పెట్టింది, ముళ్లకంప పెట్టింది, గూడ్సు బండి డబ్బాల మీద నుంచి దూకే చోటు పెట్టింది. అంతా మా కేసముద్రమే.

"యాడీ, ఇది నువ్వే" అని చూపింది.

"నేను గంత సన్నగ ఎప్పుడున్న?" అన్నాను.

కానీ మనసులో సంబరపడ్డాను. నాలాంటి మనిషి టీవీలో కనిపిస్తే ఏదో ఒకటి దొంగిలించడానికో, నవ్వించడానికో కనిపిస్తుంది. ఇక్కడ ఊరికే ఉరుకుతోంది. తన పని మీద తను పోతోంది.

ఆట తయారై బయటికొచ్చాక ఒక ఆదివారం నన్ను ఆడమంది. మొదటి గుంతలోనే పడ్డాను. పడగానే తెర మీద ఒక డబ్బా తెరుచుకుంది, అందులో అక్షరాలు. నాకు అక్షరం కనబడితే ఆగబుద్ధి కాదు. వేలు పెట్టి బయటికే చదివాను. "నేను... పడిపాయె... సారూ. నాకు... తెల్వి... లేదు... సారూ."

చదవడం పూర్తయిందన్న గర్వంతో బిడ్డ వైపు చూశాను. ఆమె కంప్యూటరు వైపు చూడటం లేదు, నా వైపూ చూడటం లేదు. అప్పుడు నేను చదివిందేమిటో నాకు అందింది. అద్దాల పావడా బొమ్మ పడిన ప్రతిసారీ ఆ మాట అంటుందట. మాటలు రాసేవాళ్లు వేరే. ఈమెకు చెప్పకుండా పెట్టారు.

నేర్చుకున్న అక్షరాలతో నేను మొదట చదివిన ముచ్చట అది.

నా బిడ్డ ఫోను చేసింది. నాకూ వినబడేలా స్పీకరు పెట్టింది. ఆ గుంపుకు పెద్ద ఒకాయన ఉన్నాడు, కోస్తా వైపు మాట. ఈమె అతన్ని అన్నా అంటుంది.

"అన్నా, గా మాటలు తీసెయ్యాలె."

"ఏం మాటలు చెల్లీ? ఓ, అవా. సరదాకి పెట్టాం. అందరూ తెగ నవ్వుతున్నారు, దానివల్లే ఆడుతున్నారు."

"మా అమ్మ చదివింది."

"మీ అమ్మగారు చదువుతారా? గ్రేట్."

అతనే మళ్లీ అన్నాడు. "మన రూలు తెలుసుగా. ఒక్క దెబ్బ పందెం గెలిచి, మార్పు అడుగు. ఎవరూ కాదనరు."

ఆ గుంపు కట్టుబాటు అది. మామూలు ఆటలో పడితే లేచి, పడిన దగ్గర నుంచే ఉరకొచ్చు. ఒక్క దెబ్బ పందెంలో అది లేదు. ముల్లు గీసుకున్నా, బస్తా తాకినా అయిపోయినట్టే, మొదటి గుంత దగ్గరికి రావాలి. అందరూ చూస్తుండగా, వింటుండగా, మొదటి నుంచి చివరి దాకా ఒక్క దెబ్బ తగలకుండా ఆడినవాళ్లు ఆటలో ఏదైనా ఒక మార్పు కోరవచ్చు. ఒక్కటే.

ఇందులో న్యాయమేమిటో నాకు ఇప్పటికీ అంతుపట్టదు. ఆ మాట రాసినవాడు ఏ గుంతా దూకలేదు. కూర్చుని రాశాడు. దాన్ని తీయించడానికి మాత్రం నా బిడ్డ ఒంటి మీద గీత పడకుండా ఊరు దాటాలి.

అప్పటి నుంచి ఆమెకు వేరే ధ్యాస లేదు. నేను యార్డు నుంచి వచ్చేసరికి కీబోర్డు టకటకలు వాకిట్లోకి వినబడేవి. మిరప బస్తాల దగ్గర పోయేది, మళ్లీ మొదటికి. గూడ్సు డబ్బాల దగ్గర పోయేది, మళ్లీ మొదటికి. పోయిన ప్రతిసారీ తెర మీద ఆ మాట వచ్చేది. దాన్ని తీయించడానికి ఆడుతూ దాన్నే చూస్తూ ఉండాలి. నేను పక్కన కూర్చుంటే డబ్బా తెరుచుకునే చోట అరచేయి అడ్డం పెట్టేది. నేను చదవలేదన్నట్టు ఉండేదాన్ని.

మా ఆయనకు ఇదంతా వింత. "కింద పడుడు, లేసుడు, మల్ల ఉరుకుడు. నేను దినాం బస్తాలతోని జేసే పనే. నన్ను సూడనీకె ఎవడన్న అచ్చిండా?" అనేవాడు.

"నువ్వు పడ్డప్పుడు నిన్ను గిట్ల అంటరా బాపు?" అంది బిడ్డ ఒకసారి.

"అంటరు" అన్నాడు. "ఇంకా ఖరాబుగనే అంటరు." అన్నం కలుపుకుంటూ తల ఎత్తలేదు.

పందేనికి ఒక ఆదివారం మధ్యాహ్నం అనుకుంది. ఆ రోజు యార్డు ఉండదు, లారీల మోత ఉండదు. గుంపులో అందరికీ చెప్పింది. చూసేవాళ్లకు ఈమె ఆట కనబడుతుంది, గదిలో మాట వినబడుతుంది. అది కూడా కట్టుబాటే, పక్కనెవరైనా చెప్పి ఆడించడం లేదని తెలియాలట. మా ఆయన టీ తాగడానికి బయటికిపోయాడు. నేను వాకిట్లో చాప వేసుకుని కూర్చున్నాను. లోపలి నుంచి మీటల చప్పుడు ఒక్క తీరుగా వస్తోంది. బస్తాల చోటు దాటింది. ముళ్లకంప దాటింది. తలుపు సందులోంచి చూస్తే గూడ్సు డబ్బాలు కూడా వెనక్కి పోయాయి. ఆ చోటు దాటడం అప్పటిదాకా నేను చూడలేదు. ఇక పత్తి లారీల వరుస, దాని తర్వాత ఇల్లు.

అప్పుడు మా బాయి వచ్చింది.

మా బాయిని మొగుళ్లపల్లి దిక్కు తండాకు ఇచ్చారు. కొన్నాళ్ల కిందట మా బావ జ్వరమని దవాఖానకు పోయి తిరిగి రాలేదు. మనిషి పోయిన ఇంటివాళ్లు చుట్టాల ఇంట్లో ఒక రాత్రి నిద్ర చేయాలి. మా బాయి ఆ నిద్రకు మా ఇంటికి వచ్చింది. అలా వచ్చేవాళ్లు ముందుగా చెప్పి రారు. బస్సు దిగి, రైలు దిగి, కొంగు తల మీదికి లాక్కుని వాకిట్లో నిలబడింది.

మా ఆడవాళ్లకు ఒక పద్ధతి ఉంది. చాలా రోజులకు కలిసినప్పుడు, అందులోనూ చావు తర్వాత కలిసినప్పుడు, ముందు మంచినీళ్లు కాదు, కూర్చోమనడం కాదు. మెడ చుట్టూ చేతులు వేసుకుని ఏడవాలి. అది పాటలా సాగుతుంది. పోయిన మనిషిని తలుచుకుంటూ, ఎదుటి మనిషికీ అతనికీ ఉన్న బంధాన్ని మాటలు కట్టి చెబుతూ ఏడుస్తారు. ఇంట్లో ఎంతమంది ఆడవాళ్లుంటే అందరితోనూ, ఒకరి తర్వాత ఒకరితో. ఆ చేతుల్లోకి రాని మనిషి పోయినవాణ్ణి కాదన్నట్టు.

మా బాయి నన్ను పట్టుకుని ఏడ్చింది. నేనూ ఏడ్చాను. తర్వాత నన్ను వదిలి లోపలికి నడిచింది. నా బిడ్డ మెడ చుట్టూ వెనక నుంచి చేతులు వేసింది.

"చిన్నప్పుడు ఆయన భుజాల మీద కూసోని అంగడి జూసినవు బిడ్డా," అని ఏడుపు ఎత్తుకుంది. "గా భుజాలు మట్టిల పన్నయి బిడ్డా. ఇగ నిన్నెవరు ఎత్తుకుంటరు బిడ్డా."

నా బిడ్డ వేళ్లు ఇంకా కదులుతున్నాయి. ఒక లారీ దాటింది, ఇంకొకటి దాటింది. తెర చివరన ఇల్లు కనబడుతోంది. ఆ తర్వాత వేళ్లు ఆగాయి. ఆమె కుర్చీలోనే తిరిగి, పెద్దమ్మను పట్టుకుని గట్టిగా ఏడ్చింది. ఆటలోని బొమ్మ లారీ మీద ఊరికే నిలబడి ఉంది. వెనక నుంచి వచ్చిన బస్తా దాన్ని కొట్టింది. డబ్బా తెరుచుకుంది. ఈసారి దానికి అరచేయి అడ్డం లేదు.

మా బాయికి ఇదేమీ తెలియదు. సాయంత్రం అన్నం తింటూ, "పొల్ల మంచిగ ఏడ్సింది, పట్నం సదువు సదివినా మర్సిపోలే" అని మెచ్చుకుంది. ఆ రాత్రి నిద్ర చేసి, పొద్దున వెళ్లిపోయింది. నా బిడ్డ ఆమెను రైలెక్కించి వచ్చి, మళ్లీ ఆడతానంది. కానీ అంత దూరం మళ్లీ పోలేకపోయింది.

మిరప కోతలు అయిపోయే వేళకు ఆట కొత్తగా మార్చి వదిలారు. నా బిడ్డ తెరిచింది. నేను తొడిమలు తీస్తూ పక్కనే ఉన్నాను. మొదటి గుంతలో బొమ్మ పడింది. పడగానే కంప్యూటరులోంచి మా బాయి గొంతు వచ్చింది.

వాకిట్లోకి చూశాను. ఎవరూ లేరు.

ఆదివారం నాటి ఏడుపును వాళ్లు కోసి పెట్టుకున్నారు. బొమ్మ పడితే చాలు, ఆ ఏడుపు వస్తుంది, వెంట ఆ మాటల డబ్బా. భుజాలు అనే మాట సగంలో తెగిపోతుంది. వాళ్లకు మా భాష రాదు కదా, అది మాట అని కూడా తెలియదు.

నా బిడ్డ మళ్లీ స్పీకరు పెట్టి ఫోను చేసింది.

"అన్నా, గా ఏడుపు ఏడికెళ్లి దెచ్చిన్రు?"

"నీ లైవ్‌లోదే చెల్లీ. భలే కుదిరింది కదా? నీ పేరు కూడా వేశాం చూడు."

"అది మా పెద్దమ్మ. మా పెదబాపు సచ్చిపోయిండు. గందుకు ఏడ్సింది."

"అరే. ముందే చెప్పాలి కదా చెల్లీ. మేమేదో పాటనుకున్నాం. ఇప్పుడు అందరి దగ్గరికీ వెళ్లిపోయిందిగా."

"తీసెయ్యన్నా."

"నేనొక్కణ్ణి తీస్తే మిగతావాళ్లు ఊరుకుంటారా? రూలు ఉండనే ఉంది. మొన్న చివరిదాకా వచ్చావుగా, ఇంకోసారి ఆడు. గెలిచి అడుగు, తీసేద్దాం."

"గా మాటలు?"

"ఒక మార్పే కదా చెల్లీ."

నా బిడ్డ ఫోను పెట్టేసింది. "యాడీ," అంది, "గెలిస్తె ఏది తీయమనాలె? నిన్నన్నదా, పెద్దమ్మ ఏడుపా?"

ఒక మనిషి ఎన్ని గుంతలు దూకినా ఒక అవమానమే తీయించుకోగలదు. రెండోది ఉంచుకోవాలి. ఏది ఉంచుకోవాలో కూడా మేమే చెప్పాలి. ఆ ఏడుపు నాది కాదు, మా బాయిది. ఆమెను అడగాలనుకున్నాను.

మర్నాడు పొద్దున మొదటి రైలెక్కాను. వరంగల్లులో దిగి, బస్సు మారి మొగుళ్లపల్లి చేరి, తండాకు నడిచాను. చెప్పాల్సిన మాటలు దారి పొడవునా కూడదీసుకున్నాను. మా బాయి వాకిట్లో మిరపకాయలు ఎండబోస్తోంది. నన్ను చూడగానే చేతులు దులుపుకుని వచ్చి మెడ చుట్టూ వేసింది. బావ పోయిన దినాల తర్వాత ఆ ఇంటికి నేను రావడం అదే మొదటిసారి. ఆమె ఏడుపు ఎత్తుకుంది. ఆయన కట్టిన గోడ అంది, ఆయన నాటిన చెట్టు అంది.

నాకు ఏడుపు రాలేదు. ఆటలోలాగా ఆమె గొంతు ఎక్కడ తెగుతుందో అని నా చెవి కాచుకుని ఉంది. అది తెగలేదు, సాగుతూనే ఉంది. నేను ఆమెను పట్టుకుని ఊరికే నిలబడ్డాను.

ఆమె ఆగి, నా మొహం చూసింది. "ఏందే, ఏడుస్తలేవు?"

"గొంతు పట్టింది బాయీ."

"రైల్ల గాలి తగిలినట్టుంది. కూసో, మిరియాలు కాసుకొస్త" అని లోపలికి పోయింది.

నేను ఆమె వదిలిన చోట కూర్చుని, మిగిలిన కాయలు ఎండబోశాను. ఆమె ఇచ్చిన కషాయం తాగాను. చెబితే ఆమె ఏడుపూ నాదిలాగే ఆగిపోతుందనిపించి, అడగడానికి వచ్చిన మాట అడగలేదు. మధ్యాహ్నం బస్సుకు తిరిగి వచ్చేశాను.