ఊఁ కోసం ఆగిన గొంతు

తంబుర మీటుతూ శారద కథలు చెప్పే సాయిలు గారు పరమపదించారన్న వార్త నాకు మొదట చెప్పినవాడు సిద్దిపేట బజారులోని గ్రామఫోను దుకాణం సేటు. నేను నమ్మలేదు. సాయిలు గారి రికార్డు అమ్ముకునేది ఆ సేటే. అమ్మకం మందగించినప్పుడల్లా ఆయన గొంతు పోయిందనీ, కథలు మానుకున్నారనీ పుకారు పుట్టించిన ఘనుడు. ఇదీ ఆ కోవలోదేనని మండిపడుతూ బండి కట్టించుకుని సాయిలు గారి ఊరు వేములఘాటుకు పోయాను. ఆయన భార్య రాజవ్వ గారు వాకిట్లో గోడకు చేరగిలబడి కూర్చుని ఉన్నారు. తంబుర తీగెలు వదులు చేసి పక్కన పెట్టారు. సేటు జన్మకొక్కసారి నిజం చెప్పాడు, అదీ ఇటువంటిది. నా గుండె చెరువైపోయింది.

బడిపంతులునైన నేను సెలవుల్లో ఆ మహానుభావుని వెంట తిరిగి వంత పాడాను. కథ చెప్పడమంటే ఏమిటో ఆయన సన్నిధిలోనే తెలిసింది. ఆయన ఏ దొర కొలువులోనూ చేరలేదు, ఏ నాటక సమాజానికీ కట్టుబడలేదు. ఊరు పిలిస్తేనే ఇంట్లో పొయ్యి రాజుకునేది.

వినేవారిలో ఒకరు చరణం చరణానికీ ఊఁ కొట్టడం మన వాడుక. ఆ ఊఁ వినబడనిదే సాయిలు గారు తర్వాతి చరణం ఎత్తుకునేవారు కారు. అయితే దాని మీద ఆయనకు ఏనాడూ నమ్మకం లేదు. స్వభావసిద్ధంగా సంశయాత్ములు. కథలోని రాణికి పుట్టిన కొడుకును కావాలనే మధ్యలో కూతురనేవారు. అలవాటుకొద్దీ ఎవరైనా ఊఁ అన్నారో, తంబుర దించేసేవారు.

“ఏంది పటేలా, ఇంటున్నవా, కునుకు తీస్తున్నవా? కొడుకెప్పుడు బిడ్డయిండు?”

సభ ఘొల్లుమనేది. ఆపైన ఒక్కరి కన్నూ వాలేది కాదు. రాజవ్వ గారు మాత్రం ఆ ఎత్తుకు ఏనాడూ చిక్కలేదు. “మా ఇంటామె ఊఁ ఒక్కటే నికార్సైంది” అని ఆయన మురిసిపోయేవారు.

రికార్డుల కంపెనీ మనిషి ఒకడు పట్నంలో మకాం వేసినప్పుడు సేటే మధ్యవర్తిగా వచ్చాడు.

“ఊరూరు తిరిగే బాధ తప్పుతది సాయిలూ. నువ్వు ఇంట్ల కూసున్నా నీ పాట లోకమంత తిరుగుతది.”

“పాటనే తిరిగితే ఇగ నన్నెవరు పిలుస్తరు సేటూ?”

సాయిలు గారి దిగులంతా అదే. రాజవ్వ గారు మాత్రం వేరుగా ఆలోచించారు. “రేపు నువ్వు లేకున్నా నీ గొంతన్న ఉంటది” అన్నారు. ఆ మాట కాదనలేక ఆమెను వెంటబెట్టుకుని ఆయన పట్నం బయలుదేరారు.

అక్కడ ఊఁ కొట్టడానికి ఆమెను లోపలికి రానివ్వలేదు. ఆయన ఒక చరణం పాడి ఆగారు. ఆగవద్దని కంపెనీ మనిషి చేతులు ఊపాడు. మళ్లీ పాడారు, మళ్లీ ఆగారు. పాటను పట్టే వాళ్ల మైనపు పలకలు కొన్ని పాడయ్యాక, కళ్లు మూసుకుని, ఎవరికోసమూ ఆగకుండా పాడేశారు. “గోడలకు జెప్పిన కథ గది” అని తర్వాత నాతో అన్నారు.

ఆయన అనుమానించినంతా అయింది. జగదేవ్‌పూర్‌లో ఏటా ఆయనను పిలిచే మోతుబరి, కొడుకు పెండ్లికి గ్రామఫోను పెట్టె తెప్పించాడు. “పెట్టెల నువ్వే ఉన్నవు గద సాయిలూ, మల్ల నువ్వెందుకు?” అన్నాడు. నాకు ఒళ్లు మండింది. ఆయన మాత్రం “మంచిది పటేలా, నేను గూడ కూసోని ఇంట” అని జనంలో కూర్చున్నారు. రాణి పసివాణ్ణి ఎత్తుకుని పొంగే వాగు ఒడ్డున నిలబడగానే రికార్డు అయిపోయింది. జనమంతా ఒక్కసారిగా ఆయన వైపు తిరిగారు.

“తర్వాతేమైంది సాయిలన్నా? వాగు దాటిందా?”

ఆయన లేచారు. పెండ్లివారు భోజనాలు మరిచారు. ఆనాటి నుంచి రికార్డు విన్న ఊరల్లా మిగతా కథ కోసం ఆయనను పిలిచింది. దాని మీదా ఆయనకు అనుమానమే. “గీళ్లు నన్ను పిలుస్తున్నరా, పెట్టెలోన్ని పిలుస్తున్నరా?” అని గొణుగుతూ, ప్రతి కొత్త ఊళ్లోనూ ముందుగా కొడుకును కూతురు చేసి చూసేవారు.

నిన్న సిద్దిపేటలో సంతాప సభ జరిగింది. సేటు పెట్టె తెచ్చి బల్ల మీద పెట్టి, “సాయిలు సచ్చిపోలే, గిండ్లనే ఉన్నడు” అని కన్నీరు పెట్టుకున్నాడు. పక్కనే అమ్మకానికి రికార్డుల కట్ట ఉంది. ఆ కన్నీటిని నేనెలా నమ్మను?

రికార్డు మీద ముల్లు దిగింది. గురువుగారి గొంతు లేచింది. ముందు వరుసలో కూర్చున్న రాజవ్వ గారు తలెత్తారు. తొలి చరణం ముగియగానే “ఊఁ” అన్నారు. పాట అప్పటికే ముందుకు పోయింది. రెండో చరణానికీ అన్నారు. ఆ గొంతు ఆమె కోసం ఆగలేదు. మూడోసారి ఆమె పెదవులు కదిలాయి గానీ మాట రాలేదు.

సాయిలు గారి వంటి కథకుడు మళ్లీ పుట్టడని, ఆ దివ్యాత్మకు సాష్టాంగ ప్రణామమని ఎన్నో మాటలు కూర్చుకుని పోయాను. వాటన్నిటినీ పక్కన పెట్టాను. రాజవ్వ గారు కొంగుతో కళ్లు తుడుచుకుని నాతో అన్న మాటనే ఆయనకు నివాళిగా సమర్పిస్తున్నాను.

“ఆయనైతే ఆగేటోడు పంతులూ.”