చిగుళ్లు బాగయ్యాక చెంగప్ప మామ నవ్వు

నిన్న మధ్యాహ్నం స్కూల్లో ఉండగా కుప్పం నుంచి మా ఆడబిడ్డ ఫోన్.

"వదినా... నాయన ఎంత పిలిచినా లేయలేదు."

కూతురింట్లో అన్నం తిని పడుకున్న మా మామ చెంగప్ప, నిద్రలోనే వెళ్లిపోయారు.

మొన్న సాయంత్రమే నాతో మాట్లాడారు. ఇంకా నమ్మలేకపోతున్నాను.

మామది నిమ్మనపల్లె దగ్గర టమోటా సేద్యం. నేను కోడలిగా వచ్చిన మొదటి నాలుగేళ్లూ ఆయన నవ్వు ముఖం చూడలేదు. నవ్వొస్తే నోటికి టవల్ అడ్డం పెట్టుకునేవారు. సిగ్గరి అనుకున్నాను.

ఏడేళ్ల క్రితం నాలుగు అడుగులేస్తే ఆయాసం మొదలైంది. మదనపల్లెలో చూపిస్తే గుండెలో వాల్వ్ మార్చాలన్నారు. ఆపరేషన్‌కు డేట్ కూడా ఇచ్చారు.

అంతలో నోరు పరీక్ష చేసి, ఆపేశారు.

చిగుళ్లు వాచి, చీము పట్టి ఉన్నాయి. ఆ క్రిములు రక్తంలో కలిసి కొత్త వాల్వ్‌ను పట్టుకుంటే ప్రాణానికే ప్రమాదం, ముందు చిగుళ్లకు ట్రీట్‌మెంట్ చేయించుకోండి అన్నారు.

మామకు కోపం ఆగలేదు. "గుండె యాడ ఆగిపోతాదో అని నేను సస్తాంటే, ఈయప్ప పండ్లు సూపించుకోమంటాడు. యాలమ్మా ఈ తిరుగుడు?"

బతిమాలి పుంగనూరులో ఒక డెంటల్ క్లినిక్‌కు తీసుకెళ్లాను. కుర్చీలో కూర్చున్నారు గానీ నోరు తెరవలేదు. నన్ను బయట ఉండమన్నారు.

తలుపు దగ్గర నిలబడితే డాక్టరమ్మ మాట వినిపించింది.

"వాసనొస్తాదని సిగ్గా తాతా? నేను పొద్దస్తమానం ఇదే పని సేస్తాండాను. తెరువు."

అప్పుడు అర్థమైంది, ఆ టవల్ ఎందుకో. నాకు కళ్లనీళ్లు తిరిగాయి.

రెండు పళ్లు తీశారు. చిగుళ్ల అడుగున పేరుకున్న గారంతా నాలుగు సిట్టింగుల్లో శుభ్రం చేశారు. చిగుళ్లు మానాక ఆపరేషన్ జరిగింది. భయపడుతూనే వెళ్లారు, నడుచుకుంటూ ఇంటికొచ్చారు.

ఆ వారమే మా చిన్నది ఏదో అంటే, నోరారా నవ్వారు. టవల్ భుజం మీదే ఉంది.

తర్వాత ఊరుకున్నారా! కుప్పంలో మా ఆడబిడ్డ మామగారికి షుగర్. పళ్లు తోముకుంటే రక్తం వస్తోందని తెలిసి, "గుండెకొచ్చేదాకా యాల ఉండాల బావా, లెయ్" అంటూ చెయ్యి పట్టుకుని డాక్టర్ దగ్గరికి లాక్కెళ్లారు.

ఈరోజు పొద్దున అంత్యక్రియల దగ్గర ఆ పెద్దాయన నాతో అన్న మాట:

"ఈయప్ప పుణ్యాన ఈ పొద్దుకీ నా పండ్లతోనే నములుతాండానమ్మా."

ఏడుస్తూనే నవ్వాను.

ఇది చదువుతున్న మీలో ఎవరికైనా చిగుళ్ల నుంచి రక్తం వస్తుంటే, దయచేసి చూపించుకోండి. గుండె జబ్బు ఉన్నవాళ్లు అస్సలు వాయిదా వేయొద్దు.

ఏడేళ్లు మాకు అదనంగా దొరికారు. మనవరాలికి సైకిల్ నేర్పించారు.

పోయి రా మామా.
ఏ లోకంలో ఉండినా నీ ప్రాణం నిమ్మళంగా ఉండాల.