కొండ మీద ఏమీ కనిపించని ఆదివారం

ఆ మంగళవారం పొద్దున మాక్సిమిన్ కారులోంచి మ్యాట్లు తీసి గోడకేసి కొట్టాడు. ఎర్రటి ఇసక దుమ్ము లేచి మెట్లనిండా పడింది.

"ఇప్పుడే కదయ్యా ఊడ్చి చచ్చాను!" అని వంటింట్లోంచి ఎలియెట్ అరిచింది.

"ఇంకోసారి ఊడువు. చీపురేం అరిగిపోదులే," అన్నాడు మొగుడు.

మ్యాట్లు మళ్ళీ కారులో పరిచి, వరండాలో కుర్చీలో కూర్చున్నాడు. ఆమె కాఫీ తెచ్చేసరికి ప్రాణం లేదు.

ముప్పై ఏళ్ళకు పైగా చెరకు లారీ తోలిన మనిషి. రెయూనియన్ దీవిలో అగ్నిపర్వతం రగిలిందంటే చాలు, జనం అన్నం గిన్నెలు దుప్పట్లలో చుట్టుకుని కార్లలో కొండెక్కుతారు. ఆ వరసలో మాక్సిమిన్ కారు ఎప్పుడూ ముందుండేది. ఒకసారి మేనకోడలి పెళ్ళికొచ్చిన చుట్టాలను పెళ్ళిబట్టలతోనే ఎక్కించుకుపోయాడు. పారే నిప్పు కళ్ళారా చూడందే కొండ దిగేవాడు కాదు.

గుండెజబ్బు వచ్చాక డాక్టరు స్టీరింగు ముట్టుకోవద్దన్నాడు. అప్పటినుంచి ఎలియెట్‌కు అన్ని రోజులూ ఒక్కలాగే గడిచాయి. మాత్రలు, ఉప్పు తగ్గించిన కూరలు, రాత్రంతా ఆయన ఊపిరి వింటూ పడుకోవడం. ఆమె కారు తీస్తే సంతకూ చర్చికీ, అంతే. పక్కింటివాళ్ళు జోకు వేస్తే నవ్వే ఓపిక కూడా ఉండేది కాదు ఆమెకు.

ఆయన పోవడానికి ముందు వారం కొండ మళ్ళీ రగిలింది. "నాకిదే ఆఖరు. ఆదివారం నువ్వు తోలు," అన్నాడు.

"ఆ మలుపుల్లో? నేనా?"

"నువ్వే. నేను పక్కన నోరు మూసుకుని కూర్చుంటా."

"నీ నోరా! సమాధిలో కూడా మూతపడదది."

అన్నదేగానీ ఒప్పుకుంది. ఆయనకు ఆ నిప్పు ఒక్కసారి చూపించాలి. తర్వాత ఏమైనా కానీ.

తీరా ఆదివారం పొద్దున ఆమెకు వేళకు మెలకువ రాలేదు. వంటా ఆలస్యమైంది. పొద్దెక్కితే కొండ మీద పొగమంచు కమ్ముతుందని ఆ దీవిలో పసిపిల్లలకు కూడా తెలుసు. వాళ్ళు బయల్దేరేసరికి ఎండ నడినెత్తికి వస్తోంది.

చెరకు తోటలు దాటి, ఆవుల మేత బీళ్ళ మధ్య కారు మెల్లగా ఎక్కుతోంది. మలుపు వచ్చినప్పుడల్లా మాక్సిమిన్ లేని బ్రేకును కాలితో తొక్కుతున్నాడు.

"గేరు మార్చవే, పాపం, ఏడుస్తోందది."

"నోరు మూసుకుంటానన్నావు."

"మూసుకునే ఉన్నా. ఇది ముక్కుతో అంటున్నా."

రోడ్డు ఖాళీగా ఉంది. ఎదురుగా రెండు మూడు కార్లు దిగిపోయాయి.

"అందరూ చూసేసి వెళ్ళిపోతున్నారయ్యా," అంది దిగులుగా.

"పోనీ. బండి పెట్టుకోవడానికి మనకు కావలసినంత చోటు."

ఎర్ర ఇసక మైదానంలోకి దిగగానే పొగమంచు తెల్లగా కమ్మేసింది. గుంతల్లో కారు తాబేలులా పాకింది. రోడ్డు చివర ఎలియెట్ ఇంజను ఆపింది. ఒకరి చెయ్యి ఒకరు పట్టుకుని లోయ అంచున కమ్మీల దాకా నడిచారు. కిందా పైనా అంతా తెలుపే. ఎరుపన్నది మచ్చుకైనా లేదు.

కారులో కూర్చుని ఎదురుచూశారు. ఆమె స్టీరింగు మీద తల ఆనించింది.

"నావల్లే. ఇంకొంచెం ముందు లేచుంటే..."

"నిప్పెక్కడికి పోతుందిలే. కూర వడ్డించు."

పొగబెట్టిన పంది మాంసం కూర రెండుసార్లు వేయించుకున్నాడు. ఆ ఒక్కరోజూ ఆమె వద్దనలేదు. తిన్నాక గిన్నెలు సర్దుతూనే నిద్రలోకి జారిపోయింది. ఆయన ఊపిరి వినకుండా పడుకుని ఎన్నాళ్ళయిందో. లేచేసరికి దుప్పటి మెడదాకా కప్పి ఉంది. మాక్సిమిన్ చేత్తో అద్దం తుడుస్తున్నాడు. బయట ఇంకా మంచే.

దిగేటప్పుడు దారిపొడుగునా ఆయన గేర్ల గురించే మాట్లాడాడు.

మాక్సిమిన్ పోయిన తొమ్మిదోరోజు ప్రార్థనకు ఇంటినిండా జనం. వచ్చినవాళ్ళందరికీ ఎలియెట్ అదే చెబుతోంది: "పొద్దున్నే లేచుంటే చూసి పోయేవాడు."

పక్కనే కాఫీ తాగుతున్న సెలెస్తిన్ కప్పు దించాడు. రోజూ బండిలో ఇంటింటికీ రొట్టెలు తెచ్చే కుర్రాడతను.

"ఏం చూసేవాడత్తా? మీరు వెళ్ళే ముందురోజు, శనివారం సాయంత్రమే కదా నిప్పు ఆరిపోయింది! రేడియోలో విని మావయ్యకు నేనే చెప్పా, మీ గుమ్మంలోనే. నువ్వు లోపల వంటపాత్రలు తోముతున్నావు. 'మెల్లగా మాట్లాడరా, దానికి వినిపిస్తే రేపు మానేస్తానంటుంది' అన్నాడు."